మీ, ఫా నడుమ చిన్న అడుగు

మొన్న పొద్దున పుత్తూరు నుంచి ఫోనొచ్చింది. మా హార్మోనియం టీచరమ్మ పోయింది. ఫోను పెట్టేసి నేను మొదట చూసింది గుమ్మం పక్కనున్న నా చెప్పుల్ని. ఎందుకో చెప్తా.

చిన్నప్పుడు పోలియో వచ్చి నా ఎడమ కాలు పొట్టిదయింది. బళ్లో నా పేరు ఎవురికీ అక్కర్లేదు, అందరికీ నేను కుంటిదాన్నే. చర్చి పక్కింట్లో టీచరమ్మ దగ్గర డో రే మీ ఫా సో లా టీ డో అని ఇంగ్లీషు సరిగమలు నేర్చుకునేదాన్ని. మొదటిరోజే అడిగినాను. "టీచరమ్మా, తెల్ల మెట్ల నడాన నల్ల మెట్టుండాది కదా, ఈడ మీ, ఫా నడాన లేదేం? ఆ కొసన టీ, డో నడానా లేదు. ఇది కూడా నా మాదిరి కుంటిదా?"

"నోర్ముయ్యే! కండ్లు మూసుకోని విను," అనింది. తెల్లవీ నల్లవీ కలిపి, అన్నీ ఒకే కొలత అడుగులు వేస్తా వాయించింది. "డో యాడుండాదో చెప్పు?" తెలిస్తే కదా! ఎంత ఎక్కినా ఒకటే మాదిరి, ఆగేదానికి చోటే లేదు. మళ్లీ మామూలుగా వాయించింది. టీ నుంచి చిన్న అడుగేసి డో తగలగానే "ఇల్లొచ్చేసింది!" అని అరిచినాను.

"సూసినావా? అడుగులన్నీ సమంగా ఉంటే ఇల్లు యాడుండాదో తెలీదు పాపా. దోవ చెప్పేది ఆ చిన్న అడుగే."

ఆ రోజు నుంచి నేను వాకిట్లో కాలు పెట్టగానే లోపల్నుంచి "మీ-ఫా వస్తా ఉండాదే!" అని కేకేసేది. ఆమెకు చూపు పోయినాక కూడా అంతే, నా అడుగుల చప్పుడు వింటే చాలు. ఆ పేరుకు ఎంత మురిసిపోయేదాన్నో.

తిరుపతిలో ఉద్యోగమొచ్చినాక ఎడమ చెప్పుకు మందంగా సోలు వేయించుకున్నాను. నడక సమమైంది. నాకదొక గర్వం.

పోయిన నెల ఆమెను తిరుపతి ఆస్పత్రిలో చేర్చినారు. ఎవరి గొంతూ ఆనవాలు పట్టడం లేదన్నారు. "నేను, టీచరమ్మా" అంటే "ఎవురమ్మా?" అనింది. ప్రాణం ఉసూరుమనింది. బయటికొచ్చి, చెప్పులు విప్పేసి, వాకిలి కాడ్నుంచి మళ్లీ నడిచినాను. నాలుగడుగులు వేసినానో లేదో, ఆమె తల నా పక్కకు తిరిగింది.

"మీ-ఫా," అనింది మెల్లగా. "ఇంతసేపు యాడికి పోయినావే?"

మంచం కోడు పట్టుకోని ఏడ్చేసినాను.

నిన్న మట్టి చేసినారు. చెప్పులు ఇంట్లోనే వదిలి పోయినాను. చర్చిలో అందరూ గమ్మునున్నారు. ఆమె శవపెట్టె దాకా నా అడుగులు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, బాగా వినపడినాయి.