బోడకాకరకు రాసిన పేరు

రిటైర్మెంటుకు మూడేళ్ల ముందు శంషాబాద్ విమానాశ్రయం కార్గోలో మొక్కల తనిఖీ అధికారిగా నాకు పోస్టింగ్ వచ్చింది. విదేశాలకు వెళ్లే కూరగాయలను పరీక్షించి, పురుగూ తెగులూ లేవని ధ్రువపత్రం ఇవ్వడం నా పని. ఆ పత్రంలో సరుకు శాస్త్రీయ నామం తప్పనిసరి. మనం దొండకాయ అని రాస్తే అవతలి దేశపు అధికారికి ఏం తెలుస్తుంది?

ఆ నామంలో రెండు మాటలుంటాయి. మొదటిది దగ్గరి మొక్కలన్నిటికీ కలిపి ఉండే ప్రజాతి పేరు, క్యాపిటల్ అక్షరంతో మొదలవుతుంది. రెండోది ఆ ఒక్క మొక్కకే చెందిన జాతి పేరు, అన్నీ చిన్న అక్షరాలే. రెండూ వాలుగా అచ్చు వేయాలి; చేత్తో రాస్తే కింద గీత గీయాలి. ఇంతే సంగతి. ఈ కాస్తా దరఖాస్తులు తెచ్చే ఎగుమతి ఏజెంట్ల బుర్రకెక్కించలేక నా ఓపిక నశించింది. పైగా సరుకు మారినా పాత దరఖాస్తునే తెరిచి, తేదీ మార్చి పంపడం వాళ్ల అలవాటు.

ఒక వానాకాలం పొద్దున, గగన్‌పహాడ్‌లో ఆఫీసున్న ఏజెంటు శ్రీనివాస్ దరఖాస్తు తెచ్చాడు. సరుకు కాకర, పేరు మొమోర్డికా చరాంటియా. రెండు మాటలకూ క్యాపిటల్ అక్షరాలే పెట్టాడు. తిప్పి పంపాను. మధ్యాహ్నం మళ్లీ తెచ్చాడు. ఈసారి అక్షరాలు సరే, వాలు లేదు. మళ్లీ తిప్పి పంపాను.

“జర చూడు సార్, సాయంత్రం ఫ్లైటుంది. అక్షరం వంగకుంటే ఏమైతది?” అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మూడోసారికి పేరు ముచ్చటగా కుదిరింది. అప్పుడు తనిఖీకి లేచాను.

పెట్టెల దగ్గర సరుకు పండించిన సాతంరాయి ఊరి రైతు యాదమ్మ నిలబడి ఉంది. ఆమె చేలో కాయ విదేశానికి పోవడం అదే మొదటిసారి. మూత తీశాను. లోపల గుండ్రంగా, ఒళ్లంతా మెత్తటి ముళ్లతో బోడకాకరలు. కాకరతో ప్రజాతి ఒకటే, జాతి వేరు. వీటి పేరు మొమోర్డికా డయోయికా. శ్రీనివాస్ కిందటి వారం కాకర దరఖాస్తు దిద్దని ప్రతినే తేదీ మార్చి తెచ్చాడు. ఆ పేరుతో వెళ్తే సరుకును అక్కడ తగలబెడతారు. అతన్ని నోటికొచ్చినట్టు తిట్టాను.

యాదమ్మ అడ్డుపడింది. “ఆయన్నెందుకు తిడుతున్నవ్ సార్? పొద్దుగాల్నుంచి ఆ కాయితం నీ చేతులనే తిరుగుతున్నది. ఒక్కపారన్న పెట్టె మూత తీసి చూసినవా?”

కొత్త దరఖాస్తు, తనిఖీ ముగిసేసరికి ఫ్లైటు వెళ్లిపోయింది. ఆ దేశానికి తర్వాతి ఫ్లైటు మూడు రోజులకు. అప్పటికి బోడకాకర పండి పగిలిపోతుంది. ఆమె పెట్టెలు ఆటోలో వేయించుకుని శంషాబాద్ మార్కెట్టుకు పోయింది. నాకు సిగ్గేసింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ముందు పెట్టె తెరిచి, ఆనక దరఖాస్తు చూశాను. పేరు రాసే పద్ధతిలో మాత్రం నాకు ఇప్పటికీ రాజీ లేదు. కానీ ఆ రోజు నేను రెండుసార్లు దిద్దించిన పేరు, అక్షరం పొల్లుపోకుండా, వేరే కాయది.