మా నాన్నకు అన్నయిన మా బావ

మా తులిమాక్ బావ ఏం పని చేస్తాడో చెబితే కొత్తవాళ్ళు నవ్వుతారు. తెల్ల ఎలుగుబంట్లు మా ఉత్తర ధ్రువపు ఊళ్ళోకి రాకుండా చూడడం, వచ్చినవాటిని ప్రాణాలతో సాగనంపడం. సముద్రం గడ్డకట్టేదాకా అవి ఒడ్డునే ఆకలితో తిరుగుతాయి. గడ్డకట్టగానే సీల్ వేటకు మంచు మీదికి వెళ్ళిపోతాయి. ఆలోపు బావకు నిద్ర ఉండదు. వీపున తుపాకీ, జేబుల నిండా వాటిని బెదరగొట్టే టపాకాయ గుండ్లు, కింద నాలుగు చక్రాల బండి. చెత్తకుప్ప నుంచి బడి దాకా తిరుగుతూనే ఉంటాడు.

"ఏం బావా, ఇవాళ వచ్చినదానికి టీ ఇచ్చి పంపావా?" అనేదాన్ని.

"నీ రొట్టె చూపించానే మరదలా. వెనక్కి చూడకుండా పరిగెత్తింది. ఇక ఈ తుపాకీ ఎందుకు, రేపట్నుంచి నువ్వే వచ్చెయ్."

బావకు పెట్టింది మా పెదనాన్న పేరు. పెదనాన్నను ఊపిరితిత్తుల జబ్బని దక్షిణాన ఎక్కడో ఉన్న ఆసుపత్రికి ఓడలో తీసుకెళ్ళారు. అక్కడే పోయాడు. ఎక్కడ పూడ్చారో ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత చాలా ఏళ్ళకు మా మేనత్తకు మగపిల్లవాడు పుడితే ఆ పేరు పెట్టారు. మాలో పేరుతో పాటు మనిషీ తిరిగొస్తాడు. అందుకే మా నాన్న ఇత్తినువార్, తల్లి వీపు సంచిలో నిద్రపోతున్న ఆ పసివాణ్ణే "అన్నా" అని పిలిచాడు. డెబ్భై దాటాక కూడా నలభై ఏళ్ళ మేనల్లుణ్ణి అలాగే పిలిచేవాడు. బావ గడప తొక్కితే మంచి కుర్చీ ఖాళీ చేసేవాడు. కుండలో మొదటి ముక్క అన్నకే. బావ కూడా ఆయన్ని "తమ్ముడూ" అనే పిలిచేవాడు.

నేను చెబితే మా నాన్న ఒక్క మాటా వినడు. ఆ మొండితనం నాకూ వచ్చింది కాబట్టి మా ఇంట్లో రోజూ గొడవే. అన్న "టోపీ పెట్టుకో తమ్ముడూ" అంటే మాత్రం బుద్ధిగా పెట్టుకునేవాడు. మందులు మింగించాలన్నా బావకే కబురు పెట్టేదాన్ని.

పెదనాన్న ఓడ ఎక్కే ముందు, "తిరిగొచ్చాక నిన్ను ఎలుగు వేటకి తీసుకెళ్తా" అని నాన్నకు మాట ఇచ్చాడట. నాన్న అప్పుడు చిన్న పిల్లాడు. తర్వాత ఎన్ని కరిబూ జింకల్ని కొట్టాడో లెక్కలేదు గానీ, ఎలుగు వేటకు ఎవరు పిలిచినా వెళ్ళలేదు. "అన్నతోనే పోతా" అనేవాడు. అన్న మళ్ళీ పుట్టి, పెరిగి, తుపాకీ పట్టే వయసుకొచ్చేసరికి ఎలుగుల వేటకు అనుమతి బిళ్ళలు వచ్చిపడ్డాయి. ఊరికి ఏటా ఇన్నే అని సర్కారు కట్టడి. చీటీలు తీసి పంచుతారు. చీటీల్లో నాన్న పేరు ఎప్పుడూ రాలేదు.

నిరుడు వచ్చింది, అందరికన్నా ఆఖరున. ఆఖరు చీటీకి ఒక మెలిక ఉంది. ప్రాణాపాయం వచ్చి ఊళ్ళో ఎలుగును కాల్చాల్సొస్తే అదీ లెక్కలోకే వస్తుంది. అప్పుడు ఆఖరు చీటీవాడి బిళ్ళ వెనక్కి తీసుకుంటారు. నాన్న అదేమీ పట్టించుకోలేదు. బిళ్ళకు తాడు కట్టి మెడలో వేసుకుని ఊరి రేడియోకి ఫోన్ చేశాడు.

"నేనూ మా అన్నా పోతున్నాం! మేం వెతుక్కోనక్కర్లేదు, మా ఎలుగే నడుచుకుంటూ వస్తుంది!"

మాలో ఎలుగు గురించి ఎవరూ గొప్పలు పోరు. ఎంత దూరాన ఉన్నా అది వింటుంది. ఆ సంగతి నాకు నేర్పింది ఆయనే. సంతోషంలో నోరు జారాడు. ఆయన మోకాళ్ళు చూస్తే వచ్చే ఏటికి పనికొచ్చేలా లేవు.

ఆ ఏడు సముద్రం ఎంతకీ గడ్డకట్టలేదు. ఎలుగు మాత్రం నడుచుకుంటూనే వచ్చింది. చెవి చిరిగిన కుర్ర మగది, డొక్కలు ఎండిపోయి ఉంది. బావ టపాకాయ పేల్చగానే మొదటిసారి కొండ దాకా పరిగెత్తింది. తర్వాత నుంచి కొంచెం దూరం పోయి, కూర్చుని, బావ వెళ్ళేదాకా చూసేది. రబ్బరు గుండ్లు తగిలితే ఒళ్ళు విదిలించుకుని మళ్ళీ వచ్చేది. మత్తిచ్చి హెలికాప్టర్‌లో దూరంగా దించి రమ్మని పైవాళ్ళను అడిగాడు. గాలి తగ్గాక చూస్తామన్నారు. గాలి తగ్గలేదు.

ఒకరోజు ఇరుగింటి కుక్క చచ్చి పడి ఉంది. వేటగాళ్ళ సంఘంలో పనిచేసే నివియాక్ మా ఇంటికే వచ్చి బావను నిలదీసింది.

"ఇంకా ఎంతకాలం బుజ్జగిస్తావ్ దాన్ని? మీ మామ బిళ్ళ కోసం మా పిల్లల్ని పణం పెడతావా?"

"నాలుగు రోజులు గట్టిగా చలేస్తే చాలు నివియాక్. అదే పోతుంది" అన్నాడు బావ.

నాన్న కిటికీ దగ్గర నుంచి లేవలేదు. "అన్నా, అది మనదే. మంచు గట్టిపడి అది బయల్దేరితే, వెనకే మనమూ పోదాం."

"సరే తమ్ముడూ" అన్నాడు బావ, నా వైపు చూడకుండా.

నేను బడి వంటగదిలో పనిచేస్తాను. తర్వాతి ఉదయం గంజి కలుపుతుంటే టపాకాయ పేలింది, వెంటనే ఇంకోటి. తలుపు తీసి చూస్తే మెట్ల కింద ఎలుగు. మెట్ల మీద ఒక చిన్న పిల్ల, చేతిలో రొట్టెతో కొయ్యబారిపోయి ఉంది. ఎలుగు కాళ్ళ దగ్గరే బావ ఇంకో టపాకాయ పేల్చాడు. అది తల కూడా తిప్పలేదు. మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. బావ టపాకాయలది వదిలేసి వీపున ఉన్న తుపాకీ అందుకున్నాడు. ఒక్కటే దెబ్బ.

పిల్లను లోపలికి లాక్కొచ్చి మళ్ళీ బయటికి వెళ్ళేసరికి బావ చచ్చిన ఎలుగు పక్కన మోకాళ్ళ మీద ఉన్నాడు. "మంచినీళ్ళు తే" అన్నాడు. ఉప్పునీళ్ళలో బతికే ప్రాణికి దాహం ఎక్కువ. చంపినవాడే దాని నోట్లో మంచినీళ్ళు పోయాలి. పోశాడు. సగం మంచుపాలయ్యాయి.

అప్పుడు చూశాం నాన్నను. ఊతకర్ర ఒక చేత్తో, పాత తుపాకీ ఇంకో చేత్తో, మా ఇంటి నుంచి బడికి వచ్చే దారిలో పడుతూ లేస్తూ వస్తున్నాడు. మెడలో బిళ్ళ ఊగుతోంది. దగ్గరికొచ్చి ఎలుగును చూసి నిలబడిపోయాడు.

"ఒక్క కేక వెయ్యకపోయావా?" అన్నాడు. "కిటికీలోంచి చూస్తూనే ఉన్నా. వస్తూనే ఉన్నా కదా."

"పిల్ల మెట్ల మీద ఉంది తమ్ముడూ."

"చూశాను."

ఆ రెండు మాటలకు నేనేం కలపను? పిల్ల నిజం, నాన్న రావడమూ నిజమే. ఎవరినైనా నాలుగు తిడదామంటే తిట్టడానికి ఎవరూ దొరకలేదు నాకు.

నివియాక్ వచ్చి బిళ్ళ అడగలేక ఏడ్చింది. తాడు ముడి రాకపోతే నాన్నే తల వంచి తీసి ఇచ్చాడు. "తీసుకో అమ్మా, నీ తప్పేముంది?" అన్నాడు.

ఎలుగు మాంసం ఊరంతా పంచారు. సాయంత్రం బావ మంచి ముక్క ఏరి మా ఇంటికి తెచ్చాడు. తలుపు తీశాను. నాన్న ఎప్పటిలాగే కుర్చీలోంచి లేచాడు.

"కూర్చో అల్లుడూ" అన్నాడు.

అంతే. కోపంగా కాదు, అరవలేదు. ఏ మేనమామ ఏ మేనల్లుణ్ణి పిలిచినా అలాగే పిలుస్తాడు. బావ మాంసం సంచి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నాకు నాన్నను పట్టి కుదిపేయాలనిపించింది, బావను పట్టుకుని ఏడవాలనిపించింది. రెండూ చేయలేదు. టీ పెట్టాను.

ఆ వారంలోనే సముద్రం గడ్డకట్టింది.

బావ ఇప్పటికీ వస్తాడు. నేను రొట్టె గురించి ఏదో ఒకటి అంటాను, ఆయనా ఏదో ఒకటి అంటాడు. నాన్న బయటికి బయల్దేరితే బావ గుమ్మంలో టోపీ పట్టుకుని నిలబడతాడు.

"టోపీ పెట్టుకో తమ్ముడూ."

"ఎందుకులే అల్లుడూ" అని, నాన్న ఉత్త తలతోనే చలిలోకి వెళ్ళిపోతాడు.