ట్యాంక్ బ్యాగ్ పట్టుకున్న అమ్మ

నాకు కోపం ఎక్కువ. అందులో ముప్పాతిక వంతు అమ్మ మీదే చూపిస్తాను. ఈ సంగతి ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం కాస్త తేలిక.

అమ్మకు చెన్నైలో పేస్‌మేకర్ పెట్టించి, ఇది జరిగేనాటికి ఏడాది కావస్తోంది. ఎడమ భుజానికి కాస్త కింద, చర్మం లోపల అగ్గిపెట్టెంత ఉబ్బు. గుండె నెమ్మదించినప్పుడల్లా దాన్ని నడిపించేది ఆ చిన్న మిషనే. మా దీవుల్లో, డిగ్నాబాద్‌లోని ఇంట్లో ఉండేది మేమిద్దరమే. నేను కంప్యూటర్లు బాగుచేస్తాను. చాతం రేవులో బైకును ఫెర్రీ ఎక్కించి, నీళ్లు దాటి బంబూఫ్లాట్ వైపు స్కూళ్లకూ షాపులకూ వెళ్తుంటాను. శనివారాలు అమ్మ కూడా వెనక కూర్చుని వచ్చేది. అవతలి ఒడ్డున పిన్ని ఉంటుంది.

ల్యాప్‌టాప్ వీపున తగిలించుకుంటే వెనక అమ్మకు చోటుండదు. పక్కన వేలాడదీస్తే మా రోడ్ల గతుకులకు హార్డ్‌డిస్కులు బతకవు. పెట్రోలు ట్యాంకు మీద కూర్చునే బ్యాగ్ ఒక్కటే దారి అనిపించింది. ఇక చూడండి, నెల రోజులు నాకు వేరే పని లేదు. బెల్టులతో కట్టేదైతే పెట్రోలు పోయించుకున్న ప్రతిసారీ విప్పాలి, మళ్లీ బిగించాలి. అయస్కాంతాలున్నదైతే ఒక్క లాగుతో చేతికొస్తుంది. ఆ అయస్కాంతాల వల్ల హార్డ్‌డిస్క్ పాడవుతుందా? ఫోనుకేమైనా అవుతుందా? బ్యాంకు కార్డు? అమ్మేవాడికి నాలుగు మెసేజ్‌లు పెట్టాను. డిస్కులు పై అరలో పెట్టుకోమన్నాడు, కింద మందంగా ఫోము ఉందన్నాడు. అప్పుడుగానీ నమ్మలేదు. ఉన్నవాటిలో గట్టి అయస్కాంతాలున్నది ఏరి తెప్పించాను. పార్సిల్ మా దీవులకు చేరేసరికి వానాకాలం మొదలైంది.

బ్యాగ్ బాగుంది. రెండు పక్కలా రెక్కలుంటాయి, వాటిలోనే అయస్కాంతాలు. ట్యాంకుకు టక్కున అతుక్కుంటాయి. ఫెర్రీ మీద నీళ్లు ఎగిసి పడతాయి కాబట్టి ఊడదీసి అమ్మ చేతికిచ్చేదాన్ని.

“గట్టిగా పట్టుకో. తడిసిందంటే నా పని గోవిందా,” అన్నాను మొదటిసారే.

పట్టుకుంది. పైభాగం తడిగా ఉంటుందని పొడిగా ఉన్న అడుగు వైపును తన వైపు తిప్పుకుని, రెక్కలు మడిచి, గుండెలకు హత్తుకుని, పైన పైటకొంగు కప్పేది.

మొదటి శనివారమే బంబూఫ్లాట్‌లో దిగుతూ, “ఏటోనే, గుండె దడదడలాడతంది,” అంది. రెండో వారమూ అదే మాట. మూడో వారం నాకు చిర్రెత్తుకొచ్చింది. “బండంటే భయం నీకు. అంత భయమైతే ఇంట్లో కూర్చో,” అని నలుగురిలో కసిరాను. అమ్మ చిన్నబుచ్చుకుంది. ఆ తర్వాత దడ సంగతి ఎత్తలేదు.

నాలుగో శనివారం వాన దంచికొడుతోంది. ఫెర్రీ బాగా ఊగుతోంది. బండి పడిపోకుండా హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాను. అమ్మ బల్ల మీద కూర్చుంది, బ్యాగ్ కొంగు కింద ఉంది. సగం దూరం వచ్చాక చూస్తే మొహం పాలిపోయి ఉంది. పెదాలు కదులుతున్నాయి, ప్రార్థన చేసుకుంటోంది.

“ఏమైందమ్మా?”

“ఏటీ లేదే. కళ్లు తిరుగుతన్నాయి.”

బండి పక్కవాళ్లకు అప్పగించి వెళ్లి మణికట్టు పట్టుకున్నాను. నాడి పరుగెడుతోంది. చెయ్యి నా వైపు లాగబోతే కొంచెం అడ్డం తగిలినట్టయింది. ఆమె గాజుకు వేలాడే పిన్నీసుల గుత్తి నిటారుగా సాగి బ్యాగ్ రెక్కను పట్టుకుని ఉంది. ఆ రెక్క సరిగ్గా ఆ అగ్గిపెట్టెంత ఉబ్బు మీద ఉంది.

బ్యాగ్ లాగి డెక్ మీదికి విసిరేశాను. లోపల ఏదో పగిలింది. తర్వాత చూస్తే ల్యాప్‌టాప్ తెర.

“అయ్యో, నీ సామాను!” అంటూ అమ్మ దానికోసం వంగబోయింది. “ముట్టుకోకు!” అని అరిచాను. ఫెర్రీలో అందరూ తిరిగి చూశారు. పక్కన నిలబడ్డ భయ్యా ఒకడు “క్యా హువా దీదీ?” అని ఏమైందో అడిగాడు. చుట్టూ నీళ్లు. వెనక్కి పోవాలన్నా ముందు అవతలి ఒడ్డు తగలాలి. వేళ్లు మణికట్టు మీదే పెట్టి లెక్కపెడుతూ కూర్చున్నాను. ఒక నిమిషానికే నాడి కుదురుకున్నట్టు అనిపించింది. నమ్మలేదు. మళ్లీ లెక్కపెట్టాను. ఆ భయం ఇంకెప్పుడూ నాకు వద్దు.

బంబూఫ్లాట్‌లో దిగలేదు. అదే ఫెర్రీలో తిరిగొచ్చి, బండి చాతంలో వదిలేసి, ఆటోలో నేరుగా ఆస్పత్రికి వెళ్లాం. టెక్నీషియన్ అమ్మ ఛాతీ మీద ఏదో పెట్టి, తెర మీద గీతలు చూశాడు. మిషన్ బాగానే ఉందన్నాడు. గట్టి అయస్కాంతం బాగా దగ్గరికొస్తే మిషన్ గుండెను చూడడం మానేసి, తన లెక్కలో తాను కొట్టిస్తూ పోతుందట. తీసేస్తే మళ్లీ మామూలేనట. అమ్మకు దడ పుట్టింది అందుకేనట. మరి రెండో వారమే నేనొచ్చి అడిగి ఉంటే?

“మ్యాగ్నెట్ దూర్ రఖో, దీదీ. కితాబ్ మే లిఖా హై. పఢా నహీ?” అయస్కాంతం దూరంగా ఉంచాలని మిషన్‌తో పాటు ఇచ్చిన పుస్తకంలో ఉంది, చదవలేదా అని అడిగాడు.

“పఢా థా,” చదివానన్నాను. అబద్ధం.

ఇంటికొచ్చాక అమ్మ ఆస్పత్రి ఫైలు తీశాను. ఆ పుస్తకం అడుగున ఉంది. పైనున్న ప్లాస్టిక్ కవరు కూడా చింపలేదు. అమ్మ ప్రాణం సంగతి అందులో ఉంటే, నేను నెలంతా బ్యాగుల గురించి పేజీలకు పేజీలు చదివాను. అమ్మకు తెలుగు తప్ప చదవడం రాదు. పుస్తకమంతా ఇంగ్లీషు. పక్కన కూర్చుని ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను. ఫోను ఎడమ జేబులో పెట్టకూడదు. అయస్కాంతం ఉన్నదేదీ ఛాతీకి జానెడు లోపలికి రానివ్వకూడదు. దడ పుట్టినా, కళ్లు తిరిగినా వెంటనే డాక్టరుకు చెప్పాలి.

అమ్మ అంతా వింది. “ఇది ఎప్పుడిచ్చారే?” అంది.

“డిశ్చార్జి రోజున.”

ఆ పుస్తకం తన ఒళ్లోకి తీసుకుంది. కోప్పడుతుందేమో, కోప్పడితే బాగుండు అనుకున్నాను.

“నువ్వు చదివేసుంటావనుకున్నానే,” అంది.