ఇంటర్వెల్ దాకా నేను, ఆ తర్వాత మా బామ్మర్ది

పోయిన ఆదివారం నేనూ నా భార్యా తెల్లాపూర్‌లో మా బిడ్డ వాళ్ల ఫ్లాటుకు పోతే, మనవరాలు నన్ను సోఫాలో కూర్చోబెట్టి, తాతా నీకు అన్నిటికన్న ఇష్టమైన సినిమా ఏదో చెప్పు, ఇప్పుడే పెడత అని గోడంత టీవీ ముందు రిమోటు పట్టుకొని నిలబడ్డది. అడిగినందుకు సంతోషమే గాని, పక్కన మా అల్లుడు ఫోన్లో చూసి ఏ సినిమాకు ఎన్ని చుక్కలు పడ్డయో చదువుతుంటే నాకు ఒళ్లు మండింది. చుక్కలు చూసి సినిమా బాగున్నదో లేదో తెలుసుకునే రోజులు వచ్చినయి. నేను ఏడో తరగతితో బడి మానినవాణ్ని, ఆ తర్వాత వచ్చిన చదువంతా గోడల మీది పోస్టర్లతో, హోటల్లో ముక్కలైన పేపర్లతో వచ్చిందే. అయినా ఏ సినిమా మనిషి వెంట ఇంటిదాకా వస్తదో, ఏది హాలు మెట్ల మీదనే విడిచిపోతదో చెప్పడానికి నాకు ఎవరి చుక్కలూ అక్కరలేదు.

నన్నడిగితే సినిమా గుర్తుండేటట్టు చేసేది పాటా కాదు, కొట్లాటా కాదు. ఒక మనిషి నోరు తెరవకుండా చేసే చిన్న పని. ఎప్పుడో చూసిన ఒక సినిమాలో భార్య అలిగి పుట్టింటికి పోయినంక, భర్త అలవాటు కొద్దీ రెండు పళ్లేలు పెట్టి, ఒకటి తీసి కడిగి బోర్లిస్తడు. ఆ సినిమా కథ మొత్తం మరిచిపోయిన, ఆ పళ్లెం మరువలేదు. అట్లాంటివి నా దగ్గర చాలా ఉన్నయి, కాని అన్నిటికీ మీద నేను ఎప్పుడూ పెట్టేది ఒక అన్నదమ్ముల సినిమా. పేరు చెప్పను, ఎందుకో మీకే అర్థమైతది. అందులో తమ్ములను సాకి పెద్దచేసిన అన్న, వాళ్లు వేరుపడితే, ఇంటి తాళంచెవి పక్కింటామె చేతిలో పెట్టి వెళ్లిపోతడు. అక్కడ ఇంటర్వెల్. ఆ తర్వాత వేరే ఊర్లో ఒక ఫ్యాక్టరీ గేటు కాడ కాపలాకు కుదురుతడు. ఒకనాడు చిన్నతమ్ముడు అదే ఫ్యాక్టరీకి ఆఫీసరై కారులో వస్తడు. అన్న గేటు తెరిచి, సెల్యూట్ కొట్టి, ఏమీ అనకుండా పక్కకు జరుగుతడు. సినిమా అయిపోయింది. ఏడుపులు లేవు, కాళ్ల మీద పడుడు లేదు. ఇంత ధైర్యంగా సినిమా ముగించినవాడు మళ్లీ పుట్టలేదని నేను చాయ్ హోటళ్లలో, కంపెనీ క్యాంటీన్లో, పెండ్లి పందిళ్లలో ఎంతమందితో వాదించిన్నో లెక్కలేదు.

ఇక్కడ మా తరం కార్మికులకు తెలిసిన ఒక సంగతి చెప్పాలె. పటాన్‌చెరులో కంపెనీలు కొత్తగా లేస్తున్న రోజుల్లో నాకు రెండో షిఫ్టు పడేది, వేరే కంపెనీలో చేసే మా బామ్మర్దికి అదే వారం రాత్రి షిఫ్టు పడేది. రోడ్డు మీది టాకీసులో పగటి ఆటకు నేను పోతే ఇంటర్వెల్ కాంగనే షిఫ్టు బస్సు అందుకోవాలె, మిగతా సగం చూసే యోగం లేదు. అందుకని మా అసొంటోళ్లంతా ఒక పద్ధతి పెట్టుకున్నరు: ఇంటర్వెల్‌కు బయటికి వచ్చి, చేతిలోని సగం చింపిన టికెట్టు గేటు కాడ నిలబడ్డ ఇంకొకరికి ఇచ్చుడు, వాళ్లు లోపలికి పోయి మిగిలింది చూసుడు. గేటుకీపర్‌కు అంతా తెలుసు, అటు తిరిగి నిలబడేవాడు. నేను చాయ్ తాగినంత సేపట్లో మొదటి సగం బామ్మర్దికి గబగబా చెప్పి బస్సుకు ఉరికేది. ఆయన రెండో సగం చూసి, వారం సెలవునాడు మా ఇంటికి వచ్చి తీరుబాటుగా చెప్పేది. ఎంత బాగా చెప్పేటోడంటే, కండ్లతో చూసిన సగం కన్న చెవులతో విన్న సగమే నాకు ఎక్కువ కనబడేది.

మనవరాలు ఆ అన్నదమ్ముల సినిమానే వెతికి పెట్టింది. తాళంచెవి ఇచ్చే దాకా అంతా నాకు గుర్తున్నట్లే నడిచింది. ఇగ చూడుండ్రి, ఇప్పుడొస్తది గేటు అని నేను ముందుకు జరిగి కూర్చున్న. గేటు రాలేదు. బొంబాయి నుంచి అన్న పోలికలతోనే ఇంకొకడు దిగిండు, హాస్యగాడు చీర కట్టుకున్నడు, కోర్టులో పెద్ద గొడవ అయ్యింది, ఆఖరుకు తమ్ములూ మరదండ్లూ వరుసగా కాళ్ల మీద పడితే అందరూ కలిసి ఫోటో దిగిండ్రు. మా అల్లుడు మంచోడే గాని ఊకోలేదు, "మామా, గేటు ఇంకెప్పుడొస్తది?" అన్నడు. నా భార్య కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతూ అసలు ముచ్చట అప్పుడు బయటపెట్టింది. మా తమ్ముడు టాకీసుకు పోయిండంటే నిద్రకు పోయినట్టే, ఒంటి రేకుల గదిలో ఎండకూ పిల్లల లొల్లికీ పగలు కన్ను మూతపడక, ఫ్యాన్ల కింద చీకట్లో పండొచ్చని పోయేటోడు, తెలియనిది మీకొక్కరికే అన్నది. మరి ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదంటే, "గంత సంబురంగ చెప్తుంటె మధ్యల నేనెందుకు చెప్పాలె" అన్నది.

నవ్వులాటకు నాకు పట్టింపు లేదు, నా రంది వేరే. మా నాయన పోయినంక భూమి పంపకంలో రోడ్డు పక్క ముక్క నా తమ్ముడు తన పేరు మీద చేయించుకున్నడు. ఊరంతా కేసు వెయ్యమన్నది, నేనూ వేద్దామనే సంగారెడ్డి పోయిన. కోర్టు గేటు కాడ నిలబడ్డ జవాన్ను చూడంగనే ఆ సినిమాలోని అన్న యాదికొచ్చి, వకీలును కలవకుండనే వాపసు బస్సెక్కిన. ఇయ్యాల్టికీ తమ్ముడూ నేనూ ఒక్క బంతిలో తింటున్నమంటే దానికి కారణం ఆ సెల్యూటే. ఇప్పుడు ఆ సెల్యూటే లేదంటే నేను ఏం చూసి బతికినట్టు?

తెల్లారి సంగారెడ్డి దిక్కు కొండాపూర్ అవతల ఊర్లో ఉన్న బామ్మర్ది దగ్గరికి కోపంగానే పోయిన. మంచం మీద కూర్చొని కందులు ఏరుతున్నడు. ఇన్నేండ్ల సంది నన్ను పిచ్చోణ్ని చేసినవు గదరా అని అందుకుంటే, "జెర కూసో బావా, చాయ్ తాగినంక తిట్టు" అన్నడు. చాయ్ తాగిన, తిట్టిన. అన్నీ ఒప్పుకున్నడు. చీకటి పడంగనే కండ్లు మూతలు పడేవట, నేను అడుగుతనని ఇంటికి నడుచుకుంట ఏదో ఒకటి అల్లేవాడట. అయితే ఆ గేటు కూడ అల్లిందేనా అంటే, ఏరే చెయ్యి ఆపిండు.

"సినిమాల ఏమున్నదో నాకు ఎర్కలేదు బావా. గేటు మాత్రం మా కంపెనీదే. ముసలి వాచ్‌మెన్ ఉండె గద, కారుకు సెల్యూట్ కొట్టిండు. కారు పోయినంక టోపీ తీసి చెమట తుడుచుకొని, ‘కార్ల పోయినోడు మా తమ్ముడు’ అన్నడు. గంతే. నేను ఎనుకనే ఉన్న."

నాకు ఇంక తిట్టబుద్ధి కాలేదు. సినిమాలో లేకపోతే ఏమాయె, పటాన్‌చెరులో ఉండె. నాకు ఇష్టమైన సినిమా ఏదని రేపు ఎవరడిగినా నేను అదే చెప్తా. సగం టాకీసుది, సగం మా బామ్మర్దిది.

వాపసు వచ్చేటప్పుడు చూసిన, ఆ టాకీసు జాగాలో ఇప్పుడు ఇనుప పైపులు పేర్చి ఉన్నయి. బస్సులో షిఫ్టు దిగిన ఒడిశా పోరగాండ్లు ఎవరి ఫోన్లో వాళ్లు ఒక్కో సినిమా చూస్తున్నరు, సగం విడిచిపెట్టే అవసరం ఎవరికీ లేదు, సగం కోసం ఇంకొకరి మొఖం చూసే అవసరమూ లేదు. నా పక్కన కూర్చున్న పిల్లగాడు తనలో తానే నవ్వుతుంటే, క్యా హువా బేటా అని అడిగిన. వాడు మర్యాదగానే చెవిలోని వైరు ఒకటి తీసి, ఆప్ హీ దేఖ్‌లో చాచా, మీరే చూసుకోండని నా చెవిలో పెట్టి, ఫోను నా దిక్కు జరిపిండు. సినిమా బాగనే ఉన్నది. కాని నేను వాణ్ని అడిగింది చెప్పమని.