ప్రార్థన గంటలో కోసిన కవరు

1984 మార్చి. ఢిల్లీలో కాథలిక్ సిస్టర్లు నడిపే ఆడపిల్లల స్కూల్లో నేను లెక్కల టీచరుగా చేరి పదమూడేళ్లయింది. ఆ ఏడు పన్నెండో తరగతి బోర్డు పరీక్షలకు మా స్కూలూ ఒక సెంటరు. ప్రిన్సిపాల్ సిస్టర్ ఆగ్నెస్ సూపరింటెండెంటు, నేను ఆవిడకు సహాయకురాలిని. ప్రశ్నపత్రాల బీరువా తాళాలు నా దగ్గరే ఉండేవి. ఆ హోదాకు కాస్త పొంగిపోయానని ఒప్పుకోవాలి.

ప్రశ్నపత్రాల కవరు తెరవడానికి ఒక పద్ధతి ఉంది. పరీక్షకు అరగంట ముందు దాని లక్క సీలు ఇద్దరు టీచర్లకు చూపించాలి. పైనున్న సబ్జెక్టూ తేదీ బిగ్గరగా చదవాలి. వాళ్లు టైమ్‌టేబుల్‌తో సరిచూసి సంతకం పెట్టాకే కత్తెర వెయ్యాలి.

మా స్కూలుకు ఇంకో పద్ధతి ఉంది. ప్రార్థన గంట మోగితే ఎక్కడివాళ్లక్కడ నిలబడి మౌనం పాటించాలి. ఏ మతంవాళ్లకైనా అది అలవాటైపోయింది. ఆ రోజు ఇంగ్లీషు పరీక్ష. నేను కవరు చేతిలోకి తీసుకోగానే గంట మోగింది. అందరూ కళ్లు మూసుకున్నారు. ఆలస్యమవుతోందని, నా నోరు ఆగినా చెయ్యి ఆగలేదు; పైన ఏముందో చదవకుండానే కత్తెర వేసేశాను.

గంట ఆగాక, సంతకం పెట్టాల్సిన ఇద్దరు టీచర్లలో ఒకరైన మిసెస్ కపూర్ కవరు చూసి, "హాయ్ రామ్! విమలాజీ, యే తో కెమిస్ట్రీ హై!" అంది.

కెమిస్ట్రీ పరీక్ష ఎల్లుండి. ముందే తెరిస్తే పేపరు బయటికి పొక్కినట్టే లెక్క. సెంటరు పోతుంది, నా ఉద్యోగం పోతుంది, మా పిల్లల మార్కులన్నీ అనుమానంలో పడతాయి. ఎలాగో సరైన కవరు తీసి, పద్ధతి ప్రకారం తెరిచి పరీక్ష మొదలుపెట్టించాం.

తర్వాత ఆఫీసు గదిలో సిస్టర్‌తో అన్నాను: అంచే తెగింది, కాగితాలు కదలలేదు, అతికించి లక్క వేసేద్దామని. ఆవిడ బదులు చెప్పలేదు. మౌనం అర్ధాంగీకారం అనుకుని జిగురుసీసా మూత తీశాను.

అప్పుడే గేట్లో బోర్డువాళ్ల తనిఖీ జీపు ఆగింది. దిగిన అధికారిణి మా పూర్వ విద్యార్థిని సుధ. ఆర్.కె. పురంలో మా పక్క క్వార్టర్స్‌లోని తెలుగువాళ్ల పిల్ల. పోయిన ప్రాణం లేచొచ్చింది. మిగతావాళ్లకు అర్థం కాకుండా తెలుగులో బతిమాలాను: "సుధా, నువ్వీ స్కూలు పిల్లవే కదమ్మా. ఈ ఒక్కసారికి చూసీ చూడనట్టు వెళ్లిపో."

ఆమె జిగురుసీసా వైపు చూసింది. తెలుగు అర్థమైనా చిన్నప్పటిలాగే ఇంగ్లీషులో జవాబిచ్చింది. ఆన్సర్ తప్పైనా స్టెప్స్ ఉంటే సగం మార్కులు, చెరిపేస్తే సున్నా అని క్లాసులో మీరే అనేవారు కదా మేడమ్, స్టెప్స్ రాయండి, అంది.

నాకు ఒళ్లు మండింది. అయినా జరిగింది జరిగినట్టు రాశాను, ప్రార్థన గంటతో సహా. కింద నాకన్నా ముందు సిస్టర్ సంతకం చేసింది. కవరుకు బోర్డు తరఫున కొత్త సీలు పడేదాకా సుధ కుర్చీలోంచి కదలలేదు. అప్పుడు లేచి, మా స్కూలు పిల్లలా చేతులు కట్టుకుని, "గుడ్ మార్నింగ్, సిస్టర్" అంది.

బోర్డు కెమిస్ట్రీకి వేరే పేపరు పంపింది. సెంటరు నిలిచింది. నన్ను మూడేళ్లు పరీక్షల పనికి దూరంగా పెట్టారు.

తప్పు చేసినవాళ్ల చేతికే దాన్ని దిద్దే పని ఇవ్వకూడదని నాకప్పుడు తెలిసింది. నాలుగో ఏడు తాళాలు మళ్లీ నాకిచ్చారు. మొదటి రోజే కవరు తీస్తుండగా గంట మోగింది. నేను సబ్జెక్టూ తేదీ బిగ్గరగా చదివాను. సిస్టర్ కళ్లు తెరవకుండానే తలూపింది.