పేరు లేని నెత్తురు

ఉదయం ఏడింటికి జగిత్యాలలో కోరుట్ల బస్సెక్కాను. రెండేళ్ల కిందట రుద్రంగి దగ్గర ఒక తండాలో నెత్తురు జబ్బు మీద పరిశోధన జరిగింది. దానివల్ల అక్కడి లంబాడీలకు కలిగిన మేలెంతో కొలిచి రమ్మని, ఆ పరిశోధనకు డబ్బిచ్చిన సంస్థవాళ్లు నన్ను పంపారు. మేలును కొలవడమేమిటో నాకు మింగుడుపడలేదు. అయినా బయల్దేరాను.

కోరుట్ల బస్టాండులో ఇడ్లీ తిని రుద్రంగి బస్సు పట్టుకున్నాను. ఆడవాళ్లకు టికెట్ లేదు, ఆధార్ ఉంటే చాలు. పక్కసీటామె నా సంచీ చూసి, "లోన్ల మేడమా?" అంది. కాదు, తండావాళ్లని కొన్ని సంగతులు అడగడానికన్నాను. "అడిగెటోళ్లు మస్తుగ అస్తరు. మల్ల కనవడరు" అని కిటికీ వైపు తిరిగింది.

రుద్రంగి నుంచి ఆటో. తండాలో సక్కుబాయి మంచం వాల్చి నీళ్లిచ్చింది. ఆమె పెద్దకొడుకుకు పుట్టిన పిల్లాడు ఆ జబ్బుతోనే పోయాడు. చిన్నకోడలు సునీతకిప్పుడు మూడో నెల. పరిశోధనతో మీకేం మేలు జరిగిందని అడిగాను.

"మా అందరి నెత్తురు తీస్కపోయిన్రు. ఇగ చెప్తరు, అగ చెప్తరని చూసినం. గీ పిల్ల కడుపుల ఉన్నదాని సంగతేంది మేడం?"

అక్కడి నుంచే పరిశోధకుడికి ఫోన్ చేశాను. గోప్యత కోసం పేర్లు చెరిపేశామని, ఏ నెత్తురు ఎవరిదో ఇక తెలియదని చెప్పాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అది తల్లిదండ్రుల నుంచి బిడ్డకొచ్చే జబ్బు; ఆలుమగలిద్దరి నెత్తుటిలోనూ దాని లక్షణం ఉంటేనే బిడ్డకు ప్రమాదం. సునీతకు మళ్లీ పరీక్ష చేయించవచ్చు. భర్త మస్కట్‌లో ఉన్నాడు.

"అప్పుడు ఇద్దరం పక్కపక్కన కూసోని నెత్తురిచ్చినం" అంది సునీత.

మధ్యాహ్నం ముగ్గురం సిరిసిల్ల ఆసుపత్రికి వెళ్లాం. నెత్తురు తీసినతన్ని సక్కుబాయి కదలనివ్వలేదు. "సీస మీద పేరు రాయి కొడుకా. మంచిగ కనవడేటట్టు రాయి." రాశాక, చదివి వినిపించమంది. ఫలితం శుక్రవారం ఇస్తామన్నారు. సునీతకు ఆ లక్షణం లేకపోతే భయం లేదు. ఉంటే మాత్రం భర్త నెత్తురు కోసం మస్కట్ దాకా వెతుక్కోవాలి.

తిరుగు ప్రయాణం ఒకే బస్సులో. రుద్రంగిలో దిగబోతూ సక్కుబాయి, "శుక్రారం అస్తవా బిడ్డా, గా కాయితం సదివి చెప్ప?" అని అడిగింది. వస్తానన్నాను.

"అందరు గట్లనే అన్నరు" అని కోడలి చెయ్యి పట్టుకుని దిగిపోయింది.

కోరుట్ల చేరేసరికి చీకటి పడింది. ఈ దారిన వెళ్లాలనుకునేవారికి చెబుతున్నాను: బస్సులకు కొరత లేదు, తండాకు చేరడం కష్టమేమీ కాదు. రెండోసారి కూడా వెళ్లండి.