తొట్టెల కోసం టేకులపల్లికి రెండుసార్లు

ఈ క్రిస్మస్‌కి ఇంటిల్లిపాదికీ చేతిపనివాళ్ళు చేసిన వస్తువులే కొంటానని పట్టుబట్టాను. అసలు కారణం మా చెల్లెలు సునీత. కిందటేడు తొలికాన్పులో బిడ్డ దక్కలేదు. ఇప్పుడు మళ్ళీ నెలలు నిండాయి. మేనమామగా పసిబిడ్డను పడుకోబెట్టే వెదురు తొట్టెల నేనే తేవాలని, పండగనాటికి అది ఇంట్లో ఉంటే అంతా మంచే జరుగుతుందని నాకో మొండి నమ్మకం.

పొద్దున ఆరున్నరకి ఖమ్మంలో ఇల్లందు బస్సెక్కాను. చలికాలం వెళ్ళేవాళ్ళు కుడివైపు కూర్చోండి, ఎండ హాయిగా తగులుతుంది. కారేపల్లిలో ఒక రైతు ఎక్కి నా పక్కన సర్దుకున్నాడు. బుట్టలు కొనడానికి టేకులపల్లి పోతున్నానంటే, "ఖమ్మంల బుట్టలు దొరుకుతలేవా ఏంది?" అని తెగ నవ్వాడు. ఇల్లందులో ఇడ్లీ తిని కొత్తగూడెం బస్సు పట్టుకుంటే, తొమ్మిదిన్నరకల్లా టేకులపల్లిలో ఉన్నాను.

ఊరి చివర రోడ్డు పక్కనే మేదరివాళ్ళ ఇళ్ళు. లచ్చమ్మ అనే ఆమె వాకిట్లో కూర్చుని వెదురు బద్దలు చీలుస్తోంది. అమ్మకి చేట, మా ఆవిడకి పూలబుట్ట, గుమ్మానికి కట్టే నక్షత్రం తీసుకున్నాను. బేరమాడబుద్ధి కాలేదు, అంత ముచ్చటగా ఉన్నాయి. చూరుకు వేలాడుతున్న తొట్టెల కూడా దింపమన్నాను.

"బిడ్డ పుట్టిందా సారూ?"

"ఇంకా లేదు, ఈ వారంలోనే పుడుతుంది."

ఆమె మళ్ళీ బద్దల పనిలో పడింది. "గట్లయితే ఇయ్య. కడుపుల ఉండంగ తొట్టెల ఇంట్ల పెట్టొద్దు. మా అత్తనాడు గూడ అమ్మలే."

నాకు చిర్రెత్తుకొచ్చింది. మేం చర్చికి పోయేవాళ్ళం, అలాంటి పట్టింపులు మాకు లేవన్నాను. ఎక్కువిస్తానన్నాను. "పైసల ముచ్చట గాదు సారూ. పుట్టినంక రా, ఎవరికియ్యకుండ పెడత" అంది. పట్టింపులు లేవన్నానే గానీ, కాదని లాక్కొచ్చే ధైర్యం నాకూ లేదు. కిందటేడు ఇంట్లో సిద్ధం చేసుకున్న చిన్న చిన్న గౌన్లు మడిచి బీరువాలో పెట్టింది నేనే. కొన్నవి మాత్రం పట్టుకుని ఇల్లందు బస్సెక్కాను.

అడవి దారిలో ఫోను పలకదు. ఇల్లందు బస్టాండులో దిగి, హోటల్లో నాలుగు ముద్దలు తిన్నానో లేదో మోగింది. సునీత భర్త ప్రభాకర్.

"బావా, ఆడపిల్ల! ఇద్దరూ మంచిగున్నరు. నువ్వు జల్దీ దవాఖానకు రా!"

హోటల్లోనే ఏడ్చేశాను. వడ్డించేవాడు సాంబారులో కారం ఎక్కువైందనుకుని మంచినీళ్ళు తెచ్చాడు. చెయ్యి కడుక్కుని బయటికొస్తే ఖమ్మం బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. నేను మాత్రం దాని వెనకాల ఉన్న కొత్తగూడెం బస్సెక్కాను.

"పుట్టిందక్కా! ఆడపిల్ల!" అని రోడ్డు మీదినుంచే కేకేశాను. లచ్చమ్మ తొట్టెల దింపి, కొంగుతో దుమ్ము దులిపి నా చేతికిచ్చింది.

"పండగ మీ ఇంటికి ముందుగాల్నే వచ్చింది గద సారూ. పో, జల్దీ పో."

సాయంత్రం ఇల్లందులో ఖమ్మం బస్సు కిటకిటలాడుతోంది. తొట్టెల పైన వెయ్యమన్నాడు కండక్టరు, నేను వినలేదు. జనం దాన్ని చేతులమీదుగా అందిస్తూ వెనక సీటుదాకా చేర్చారు. "పిల్లగాడా, పిల్లనా?" అని అందరూ అడిగారు, అందరికీ విసుగు లేకుండా చెప్పాను. కిటికీ దగ్గరి ముసలామె పక్కకి జరిగి తొట్టెలకి తన చోటిచ్చింది. నిలబడ్డవాడొకడు చెయ్యి నొప్పి పుట్టి, తన టిఫిన్ డబ్బా అందులో పెట్టబోయాడు.

"కండ్లు కనిపిస్తలేవా? పిల్ల పండేదాంట్ల డబ్బా పెడ్తవా? తియ్!" అని ముసలామె గద్దించింది.

వాడు నాలిక్కరుచుకుని డబ్బా చంకలో పెట్టుకున్నాడు. ఖమ్మందాకా నేను నిలబడే వచ్చాను. నేనింకా ముఖమైనా చూడని మా మేనకోడలికి మాత్రం అంత జనంలోనూ కిటికీ పక్క సీటు దొరికింది.